వేల ఏళ్ల పగడం మీద డ్రిల్ పెట్టొచ్చా? కోర్లతో పనిచేసినవాడిగా నా జవాబు

మీ ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది, కొత్తగా చదివేవాళ్ల కోసం కుదించి చెప్తాను. మీరు హైదరాబాద్‌లో ఈమధ్యే పీహెచ్‌డీలో చేరారు. పాతకాలపు సముద్ర ఉష్ణోగ్రతల మీద పని. గైడ్ గారు లక్షద్వీప్ వెళ్లి పెద్ద పగడాల్లోంచి కోర్లు, అంటే డ్రిల్‌తో తొలిచి తీసే పొడవాటి కడ్డీల్లాంటి ముక్కలు, తీసుకురమ్మంటున్నారు. ఈలోపు హవాయి దగ్గర 4,265 ఏళ్ల నల్ల పగడాన్ని పరిశోధన కోసం కోసి పైకి తెచ్చారని ఎక్కడో చదివారు, అప్పట్నుంచి మనసు ఒప్పుకోవట్లేదు. “అన్నేళ్లు బతికినదాన్ని, ఎన్నేళ్లు బతికిందో తెలుసుకోవడానికి చంపడం ఏం న్యాయం? సైన్స్ పేరు చెప్తే అన్నీ చెల్లిపోతాయా?” అని అడిగారు.

సూటిగా చెప్తాను. లక్షద్వీప్‌లో మీరు చేయబోయే పని చేయొచ్చు, కొన్ని షరతుల మీద. వేల ఏళ్ల నల్ల పగడాన్ని మొదలంటా కోసి తేవడం మాత్రం ఇవాళ చేయకూడదు. తేడా వాటి వయసులో లేదు, ఒంటి తీరులో ఉంది. మొదటిదానికి మనం పెట్టే చిల్లు మానుతుంది, రెండోది మళ్లీ లేవదు. ఇంకోమాట కూడా ఉంది. డ్రిల్ వేయడం కన్నా పెద్ద తప్పు చాలాసార్లు ఆ తర్వాత, ఒడ్డుకొచ్చి, ల్యాబ్ బీరువాలో జరుగుతుంది. దాని గురించి ఎవరూ అడగరు. నేను అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

నేను చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే ఉండి పగడాల కోర్లు కోసి, పొడి తీసి, అందులోని పరమాణువుల్ని బరువుల వారీగా కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఎక్కించే పని చేశాను. సముద్రం లేని ఊళ్లో సముద్రం పనేంటని చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. ఉప్పల్ రోడ్డులో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ప్రగతినగర్ వైపు సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నాయంటే అవేంటని మళ్లీ అడుగుతారు. సరే.

మీరు కోర్ తీయబోయేది దాదాపు కచ్చితంగా పోరైటీస్ అయ్యుంటుంది. గుండ్రాయిలా పెరిగే పగడం, కొన్నిచోట్ల చిన్న గదంత ఉంటుంది. అంత పెద్ద రాయిలో ప్రాణం ఉన్నది పై పొరలో మాత్రమే, ఆ పొర మందం ఒక సెంటీమీటరుకు మించదు. అందులోని పాలిప్‌లు అనే చిన్న ప్రాణులు తమ కింద సున్నం పోసుకుంటూ ఏడాదికి ఒకటీ రెండు సెంటీమీటర్లు పైకి జరుగుతుంటాయి. అవి ఖాళీ చేసి వచ్చిన మేరంతా కింద రాయిగా మిగిలిపోతుంది. మనకు కావలసింది ఆ రాయే. నీళ్లు వేడెక్కితే అందులోకి చేరే స్ట్రాన్షియం అనే లోహం వాటా తగ్గుతుంది, ఆక్సిజన్ 18 అనే బరువైన ఆక్సిజన్ వాటా కూడా తగ్గుతుంది. నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం ఎంత చల్లబడిందో ఏ ఏటికా ఏడు లక్షద్వీప్ పగడం ఇలా దాచుకుంటుంది. అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ) వాళ్లు, ఇక్కడ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు ఈ పగడాల మీద ఎప్పటినుంచో పనిచేశారు. ఉపగ్రహాలతో సముద్రపు వేడిని క్రమం తప్పకుండా కొలవడం 1980ల నుంచే మొదలైంది కాబట్టి, అంతకుముందు సంగతి తెలియాలంటే ఓడలవాళ్లు అక్కడక్కడా రాసిపెట్టిన లెక్కలు, లేదంటే ఈ పగడాలు. వేరే దారి పెద్దగా లేదు.

అప్పుడే తీసిన కోర్‌ని చేతిలోకి తీసుకుంటే ఇదంతా కంటికే తెలుస్తుంది. పై అంచున గోధుమ, పసుపు కలిసిన రంగులో తడితడిగా, జిగటగా ఒక పొర. నీచు వాసన వేస్తుంది, గ్లవ్స్ తీసేశాక కూడా వేళ్లని వదలదు. దాని కింద రాయిలో ఒక ఆకుపచ్చ చార. అది పగడం కాదు, రాయిని తొలుచుకుని లోపలే బతికే ఆస్ట్రియోబియం అనే నాచు. ఆ చార దాటితే కిందంతా తెల్లటి సున్నమే, ఆరాక గోటితో గీస్తే పొడి రాలుతుంది. అంటే మీటరు పొడుగు కోర్‌లో మీరు నిజంగా చంపింది పైనున్న ఐదారు సెంటీమీటర్ల బిళ్ల మేర. అదేమీ లేదని అనను. ఎంత మేర చంపుతున్నామో తెలుసుకుని మాట్లాడుకుందాం అంటున్నాను.

ఆ తర్వాత కోర్‌ని నిలువునా ఆరేడు మిల్లీమీటర్ల మందం పలకలుగా కోసి ఎక్స్‌రే తీస్తాం. మొదట్లో మాకు మెషిన్ లేదు, హబ్సిగూడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి పట్టుకెళ్లేవాళ్లం, రాత్రి పేషెంట్ల రద్దీ తగ్గాక. రిజిస్టర్‌లో ఎక్కించాలి కాబట్టి టెక్నీషియన్ “పేషెంట్ పేరు?” అనేవాడు. రాసుకోమని చెప్పేవాళ్లం, పోరైటీస్. “వయసెంత?” అంటే, అది తెలుసుకోవడానికేగా నీ దగ్గరికి తెచ్చింది! ఫిల్మ్ మీద ఒక లేత చార, ఒక ముదురు చార కలిపితే ఒక ఏడాది. ఏడాదికో జత పడుతుందని 1972లో తేల్చారు. పసిఫిక్‌లోని ఎనివెటాక్ దగ్గర అణుబాంబు పరీక్షలు జరిగాయి కదా, ఆ రేడియోధార్మికత ఏ చారలో దిగిందో చూసి, పరీక్ష జరిగిన ఏడాదితో సరిపోల్చి లెక్క ఖాయం చేశారు. మా టెక్నీషియన్‌కి ఈ కథ చెప్పాక, మేం ఫిల్మ్ అందుకునేలోపే లైట్ బాక్స్ మీద పెట్టి తనే లెక్కపెట్టడం మొదలెట్టేవాడు.

ఇక షరతులు.

చిల్లు మానుతుంది అన్నాను కానీ, దాన్ని అలా తెరిచి వదిలేస్తే స్పాంజ్‌లు, పురుగులు, రాయి తొలిచే ఆలిచిప్పలు లోపల కాపురం పెట్టి కాలనీని, అంటే పాలిప్‌లన్నీ కలిసి కట్టుకున్న ఆ మొత్తం పగడాన్ని, గుల్ల చేస్తాయి. అందుకే పైమూతిని సిమెంట్ బిళ్లతోనో, నీళ్లలో గట్టిపడే ఎపాక్సీతోనో మూయాలి. మూత చుట్టూ ఉన్న ఉపరితలానికి సమంగా ఉండాలి, గుంటగా ఉంటే మట్టి నిలుస్తుంది. సరిగ్గా చేస్తే చుట్టూ ఉన్న ప్రాణమున్న పొర రెండు మూడేళ్లలో మూత మీదికి పాకి కప్పేస్తుంది, తర్వాత వెతికినా చోటు దొరకదు. మూత ఫొటో, జీపీఎస్ పాయింటు లేకుండా వచ్చిన కోర్‌ని నేను కోత మెషిన్ ఎక్కనిచ్చేవాణ్ని కాదు. మా ల్యాబ్ పిల్లలు చాటుగా విసుక్కునేవాళ్లు.

బ్లీచింగ్ నడుస్తున్నప్పుడు డ్రిల్ ముట్టుకోవద్దు. నీళ్లు వేడెక్కి, పగడం తన ఒంట్లోని నాచును బయటికి నెట్టేసి తెల్లబడిందంటే దాని తిండిలో సింహభాగం పోయినట్టే. గాయం మాన్చుకునే ఓపిక దానికి ఉండదు. అప్పుడు కోర్ తీయడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటు. లక్షద్వీప్ పగడాలు 1998, 2010, 2016, 2024లో ఈ దెబ్బ తిన్నాయి. తెల్లబడి తేరుకున్న కాలనీకైనా కొంతకాలం గడువు ఇవ్వాలి. పరికరాలు ఒక కాలనీ నుంచి ఇంకోదానికి తీసుకెళ్లేముందు శుభ్రం చేయడం కూడా ఇందులోకే వస్తుంది. ఫ్లోరిడాలో 2014 నుంచి పగడాల కండ కరిగిపోయే జబ్బు పాకుతోంది, అక్కడ డైవర్లు వేసుకునే బట్టల్ని కూడా క్రిమిసంహారక మందులో ముంచుతారు.

పగడాల దిబ్బ (రీఫ్) మీద అన్నిటికన్నా పెద్దదాని మీదికే వెళ్లాలన్న ఆత్రం వద్దు. కుర్ర పరిశోధకుల్లో ఇది ఎక్కువ, గైడ్‌లలో ఇంకా ఎక్కువ. మీ ప్రశ్న గత అరవై ఏళ్ల రుతుపవనాల గురించైతే మధ్యరకం కాలనీలోంచి మీటరు లోపు కోర్ చాలు. నాలుగైదు మీటర్ల పెద్దమ్మ జోలికి వెళ్లే పనేముంది? ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో గూల్‌బూడి దీవి దగ్గర 10.4 మీటర్ల వెడల్పు, 5.3 మీటర్ల ఎత్తు ఉన్న పోరైటీస్ గురించి 2021లో ప్రకటించారు. అక్కడి మన్‌బర్రా మూలవాసులు దానికి ముగా ధంబి అని పేరు పెట్టారు. వయసు 421 నుంచి 438 ఏళ్లని అంచనా కట్టారు, అంటే మన చార్మినార్ ఈడుది. దానికి ఒక్క చిల్లు పెట్టలేదు. టేపుతో కొలిచి, ఆ ప్రాంతంలో పోరైటీస్ ఏటా ఎంత పెరుగుతుందో ముందే తెలిసిన లెక్కతో భాగించారు. వయసు ఒక్కటే కావాలంటే అది చాలు. ఉష్ణోగ్రతలు కావాలన్నప్పుడే కోర్.

ఇప్పుడు హవాయి.

అక్కడ నాలుగైదు వందల మీటర్ల లోతున, వెలుగు అందని చోట, లియోపాథెస్ అనే నల్ల పగడం చెట్టులా నిలబడి పెరుగుతుంది. సబ్‌మెర్సిబుల్ అనే చిన్న జలాంతర్గామిలో దిగి, బతికున్న కాలనీల్ని సేకరించి, రేడియోకార్బన్‌తో వయసు కట్టి 2009లో ప్రచురించారు. నల్ల పగడానికి 4,265 ఏళ్లు, దాని పొరుగునే ఉండే బంగారు పగడానికి 2,742 ఏళ్లు. అంటే హరప్పా నగరాలు కళకళలాడుతున్న రోజుల్లో మొదలైన జీవం ఒకటి మన కాలం దాకా నిలబడి, ఒక ఓడ డెక్ మీదికి వచ్చింది. మీ మనసు కలుక్కుమనడంలో ఆశ్చర్యం లేదు. ఈ రెండూ ఏడాదికి పక్కలకు పెరిగేది 4 నుంచి 35 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరు మందం కట్టడానికి సుమారు 30 నుంచి 250 ఏళ్లు. పూర్తి వయసు కావాలంటే కాండం మొదట్లో ఉన్న నడిమి భాగం కావాలి. అది తీశాక కాలనీ ఉండదు. పోరైటీస్‌తో పోలికే లేదు.

కానీ ఆ పరిశోధకుల్ని ఊరికే తిట్టేసి చేతులు కడుక్కోలేం. అంతకుముందు ఏమనుకునేవాళ్లో చూడండి. బంగారు పగడం కాండంలో కనిపించే వలయాల్ని ఏడాదికొకటిగా లెక్కేసి, ఇది కొన్ని పదుల ఏళ్లే బతుకుతుంది, కోస్తే మళ్లీ వస్తుంది అనుకున్నారు. నగల కోసం ఎంత కోయొచ్చన్న లెక్కలకు అదే ఆధారం. ఆ 2009 పేపర్‌కి ముందే రేడియోకార్బన్ లెక్కలు వచ్చి ఆ వలయాలు ఏడాదివి కావని, కోసింది మన ఏడు తరాల్లో తిరిగి రాదని చూపించింది. హవాయి చుట్టుపక్కల బంగారు పగడం కోత మీద 2008లో మారటోరియం, అంటే తాత్కాలిక నిషేధం, వచ్చింది, తర్వాత దాన్ని పొడిగిస్తూ వచ్చారు. కొన్ని కాలనీలు పోయి, మిగతావి నగల గంపల్లోంచి బయటపడ్డాయి. ఆ మొదటి నమూనాలను నేను తప్పుపట్టను.

తప్పు పట్టేది పదోదాన్ని. ఫలానా జాతి వేల ఏళ్లు బతుకుతుందని ఒకసారి రుజువయ్యాక, ఇంకోచోట ఇంకో కాలనీని మొదలంటా కోసి “మాది కూడా వేల ఏళ్లే” అని పేపర్ రాయడానికి ఏ సమర్థనా లేదు. వాటి నుంచి సముద్రపు పాత చరిత్ర కావాలంటే మార్గాలున్నాయి. చచ్చిపోయినా నిలబడే ఉన్న కాండాలుంటాయి. ట్రాలర్ల వలల్లో తెగి వచ్చినవి ఉంటాయి. మ్యూజియం అరల్లో వంద ఏళ్ల నాడు తెచ్చి పెట్టినవి ఉంటాయి. పైన చెప్పిన పెరుగుదల లెక్క చూస్తే చిన్న కొమ్మలోనే కొన్ని వందల ఏళ్లు దాగి ఉండొచ్చు, మొదలు ముట్టుకోనక్కర్లేదు. ఇవన్నీ ప్రయత్నించి, కుదరలేదని కాగితం మీద చూపించాకే ఎవరైనా బతికున్నదాని గురించి నోరెత్తాలి. ఆ దశకు వచ్చిన ప్రతిపాదన నా దగ్గరికి రివ్యూకి ఇంతవరకూ రాలేదు. నేరుగా ఓడ ఖర్చుల పట్టికతో మొదలయ్యేవే వచ్చాయి.

ఇక్కడ కొందరు ఒక తెలివైన మాట అంటారు. కాలనీ మీద ఇవాళ బతికున్న పాలిప్‌ల కండలో ఉన్నది ఈ కాలపు కార్బనే, పైనుంచి రాలే తాజా తిండి తిని బతుకుతాయవి, కాబట్టి నాలుగు వేల ఏళ్ల ప్రాణి అన్నదే లేదు, అదంతా పాత అస్థిపంజరం మీద కొత్త ప్రాణులు అని. మొదటి సగం నిజమే, కొలిచి చూపించారు కూడా. మరి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతేంటి? ఏడు వందల ఏళ్లంటారు, అసలు మాను ఏదో ఇవాళ వేలుపెట్టి చూపించడం కష్టం, ఊడలే మానులై నిలబెట్టాయి. ఆకులన్నీ నిన్నా మొన్నటివి. అయినా 2018లో చెదలు పడితే సెలైన్ సీసాల్లో మందు నింపి చుక్కచుక్కగా ఎక్కించి కాపాడుకున్నాం. ఆకు వయసు చూసి కొట్టేద్దామని ఎవరూ అనలేదు. నాలుగు వేల ఏళ్లు తెగకుండా సాగిన వరస అది. దాన్ని తెంచడం నష్టం కాదనడానికి పాలిప్ వయసు చూపించకండి.

ఇలాంటివే ఇంకో రెండు వాదనలు మీకు క్యాంటీన్‌లో వినిపిస్తాయి.

ఒకటి, పగడానికి మెదడు లేదు, నొప్పి ఉండదు అన్నది. మెదడు లేని మాట నిజం, నరాల వల ఒకటి ఉంటుంది. కానీ ఇక్కడి గొడవ నొప్పి గురించి కాదు. ఎలుకకు బాధ కలగకుండా చూడటం ఒక రకం బాధ్యత. ఇది తిరిగి తేలేనిదాన్ని పాడు చేయకుండా ఉండటం గురించి, గుడి కూల్చేటప్పుడు రాయికి నొప్పి లేదని చెప్పి ఊరుకోం కదా. మన సంస్థల్లో జంతువుల మీద ప్రయోగాల కమిటీలు ఎక్కువగా ఎలుకలు, కుందేళ్ల చుట్టూనే తిరుగుతాయి. పగడాల ప్రతిపాదన పట్టుకెళ్తే ఏ గడిలో ఏం రాయాలో వాళ్లకీ తోచదు. అందుకని కమిటీ ఆమోదించింది అన్నమాటను మీ మనశ్శాంతికి ఆధారంగా పెట్టుకోకండి.

రెండోది, వేడికి లక్షల పగడాలు చస్తుంటే మీ డ్రిల్ ఏపాటి అనడం. ఇది వినడానికి బాగుంటుంది. ఫ్లోరిడా, కరీబియన్ ప్రాంతాల్లో ఎల్క్‌హార్న్ పగడం ఉంది. డీఎన్‌ఏలో పోగుపడిన మార్పుల్ని లెక్కగట్టి వాటిలో కొన్ని క్లోన్లు (ఒకే ప్రాణి నుంచి విడిపోయి పెరిగిన నకళ్లు) ఐదు వేల ఏళ్లకు పైబడినవని 2016లో చెప్పారు. చిటికెడు కండతో చేసిన పని, ఎవర్నీ నరకలేదు. 2023 వేసవిలో ఆ నీళ్లు మరిగినట్టయ్యాయి, ఫ్లోరిడాలో ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అంటే ఐదు వేల ఏళ్లవి కూడా ఏ శాస్త్రవేత్తా ముట్టుకోకుండానే పోతున్నాయి. కానీ దీన్నుంచి వచ్చే తీర్మానం తారుమారుగా ఉండాలి. మిగిలినవి తక్కువైనకొద్దీ ఒక్కోదాని విలువ పెరుగుతుంది, మన చేతికి లైసెన్స్ పెరగదు.

ఇక బీరువా సంగతి. నా అసలు కోపం ఇక్కడే.

ఒక కోర్ తీయడానికి ద్వీపానికి మనుషులు, కంప్రెసర్, డ్రిల్, పడవ, డైవర్లు. అంత చేసి తెచ్చాక జరిగేది ఏంటంటే, ఒక పలకలో ఒక గీత వెంట పళ్ల డాక్టర్ల డ్రిల్ లాంటిదానితో పొడి తీస్తారు. మెషిన్‌కి కావలసింది ఒక్కోసారి 50 నుంచి 100 మైక్రోగ్రాములు, ఉఫ్‌మంటే ఎగిరిపోయేంత. ఒక థీసిస్, రెండు పేపర్లు. ఆ విద్యార్థి పోస్ట్‌డాక్‌కి వెళ్తాడు. మిగతా తొంభై పాళ్ల కోర్ రేకు పెట్టెలో ఉంటుంది. పీవీసీ పైపు మీద మార్కర్‌తో రాసిన అక్షరాలు కొన్నేళ్లకు చెరిగిపోతాయి. ఏ ద్వీపం, ఏ లోతు, పైవైపు ఏది, తెలియదు. అప్పుడది పగడం కాదు, కంకర. ఒక సంస్థలో, పేరు వద్దు, గది ఖాళీ చేయిస్తూ అలాంటి పైపుల్ని లారీకి ఎత్తించడం నా కళ్లారా చూశాను. వాటిలో కొన్నింటి మీద ఏడాది మాత్రం ఇంకా కనిపిస్తోంది, ద్వీపం పేరు పోయింది. ఆ తర్వాతి ఏడాదే అదే ప్రాంతానికి కొత్త కోర్ల కోసం మరో బృందానికి డబ్బులు మంజూరయ్యాయి.

పాత సరుకుతో ఎంత చేయొచ్చో రుజువులు కళ్లముందే ఉన్నాయి. గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర సముద్రపు వేడి నాలుగు వందల ఏళ్లలో ఎన్నడూ లేని స్థాయికి చేరిందని 2024లో నేచర్ పత్రికలో వచ్చింది, లెక్క 1618 దాకా వెనక్కి వెళ్తుంది. అది అంతకుముందే రకరకాల జట్లు కోర్ల నుంచి తీసి అందరికీ అందుబాటులో పెట్టిన రికార్డుల్ని కలిపి చేసిన పని. అదే రీఫ్‌లో పోరైటీస్ సున్నం కట్టే వేగం 1990 నుంచి 14.2 శాతం పడిపోయిందని 2009లో తేల్చారు. 69 దిబ్బల్లోని 328 కాలనీల కోర్లు భద్రంగా ఒకచోట ఉండబట్టి సాధ్యమైంది. పసిఫిక్ మధ్యలో పల్మైరా దీవిలో తుఫాన్లు ఒడ్డున పారేసిన చచ్చిన పగడాలు ఏరుకుని, యురేనియం-థోరియంతో వయసు కట్టి, గత వెయ్యేళ్లలో ఎల్‌నినో ఎలా మారిందో 2003లోనే చెప్పారు. ఆ పాత ఏళ్ల లెక్క కోసం ఏ ప్రాణికీ గీత పడలేదు. మన దగ్గర కూడా 2004 డిసెంబర్ 26 భూకంపానికి ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరుకు అటూ ఇటూగా పైకి లేచింది, దిబ్బలకు దిబ్బలే నీళ్లలోంచి బయటపడి ఎండిపోయాయి. ఆ పగడాలు చచ్చిన తేదీ కూడా మనకు తెలుసు! కాలమానం కట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కాబట్టి నా దృష్టిలో మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న డ్రిల్ గురించి కాదు. ఈ ద్వీపం నుంచి ఇప్పటికే తీసిన కోర్లు దేశంలో ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటి మిగిలిన సగం ఇస్తారా అన్నది. నాలుగు మెయిళ్లు, రెండు ఫోన్లు. ఇవ్వనివాళ్లు ఉంటారు, తమ సొత్తులా దాచుకుంటారు. గట్టిగా అడగండి.

చట్టం సంగతి క్లుప్తంగా. రీఫ్ కట్టే పగడాలు, నల్ల పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్‌లోనే. పరిశోధనకైనా సెక్షన్ 12 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ కావాలి, దానికి ముందు కేంద్రం అనుమతి కావాలి. విదేశీ ల్యాబ్‌కి పలక ముక్క పంపాలంటే సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) కాగితాలు, జీవవైవిధ్య చట్టం అనుమతి వేరే. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడం ముక్క కూడా జేబులో వేసుకుని రాకూడదు. పర్మిట్ చేతికి రావడానికి నెలలు పడుతుంది, అందుకని గైడ్‌లు తొందరపెడతారు. తొందరపడొద్దు. అయితే పర్మిట్ ఉంది కదా అని పని న్యాయమైపోదు. పర్మిట్ ఇచ్చే ఆఫీసర్ మీ కోర్ ఎంత పొడుగు అవసరమో లెక్కగట్టడు, అది మీ పనే.

పర్మిట్‌లో గడి లేని ఇంకొకరు ద్వీపవాసులు. లక్షద్వీప్‌లో వాళ్ల కాళ్ల కింద నేల, తాగే నీళ్లు నిలిచే ఇసుక, అలల్ని ఆపే గోడ, అన్నీ పగడమే. ఒకసారి మా పడవ నడిపే పెద్దాయన మలయాళంలో అడిగిన మాటను మా డైవర్ తర్జుమా చేశాడు. “ఇసుక తవ్వితే మాకు కేసు. మీరు రాయికి చిల్లు పెడితే చదువా?” ఆయనకు నేను అరగంట చెప్పాను, ఎక్స్‌రే ఫిల్మ్ చూపించాను. ఒప్పుకున్నాడని అనను. మరి దీనివల్ల మాకు ఏం తెలుస్తుందో మాకు చెప్తారా అన్నాడు. అది న్యాయమైన బేరం. ఆ తర్వాత నుంచి ప్రతి ప్రాజెక్టు ఫలితాల్నీ రెండు పేజీల మలయాళంలో రాయించి ద్వీపానికి పంపడం మా ల్యాబ్‌లో బడ్జెట్ అంశంగా పెట్టాం. మినికాయ్‌కి అయితే అక్కడి భాష మహల్‌లో రాయించాలి. మీ ప్రతిపాదనలో ఆ ఖర్చు రాయండి, రివ్యూయర్ కొట్టేస్తే మళ్లీ రాయండి.

ఇదే ప్రశ్న కింద ఒకామె, పత్తర్‌గట్టీలో కుజదోషానికని కొన్న పగడం ఉంగరం పెట్టుకోవడం కూడా తప్పేనా అని అడిగారు. ఆ ఎర్ర పగడం అసలుదైతే చాలావరకు మధ్యధరా సముద్రానిది, మన రీఫ్ పగడాల జాతి కాదు. ఏడాదికి అర మిల్లీమీటరు కూడా లావెక్కదు, కాబట్టి మీ వేలి మీద రాయి వెనక కొన్ని పదుల ఏళ్లు ఉన్నాయి. దాన్ని సైటీస్ జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదన 2010లో దోహాలో వీగిపోయింది. అంగట్లో ఎర్రరంగు వేసిన వెదురు పగడం కూడా అమ్ముతారు, అది లోతు సముద్రానిది, నెమ్మదిగా పెరిగేదే. అమ్మమ్మ మంగళసూత్రంలోని పగడాలు మీకొస్తే హాయిగా వేసుకోండి. కొత్తది కొనమని మాత్రం నేను చెప్పను. ఏటా సముద్రంలోంచి మా డ్రిల్ కన్నా ఎక్కువ పగడం లాగేది ఈ వ్యాపారమే. అలాగని మా డ్రిల్‌కి మాఫీ అడగట్లేదు.

చివరగా, మీరు టికెట్ బుక్ చేసుకునేముందు గైడ్ గారితో తేల్చుకోవాల్సినవి. ఎన్నేళ్ల రికార్డు కావాలి, దానికి ఎన్ని సెంటీమీటర్లు చాలు? పాత కోర్ల కోసం ఎవరెవరికి రాశారు, ఏం జవాబొచ్చింది? మూతలు ఎవరు వేస్తారు, ఏడాది తర్వాత వెళ్లి చూడటానికి డబ్బు పెట్టారా? సగం కోర్ ఎక్కడ, ఎవరి పేరు మీద భద్రపరుస్తారు? డేటా ఎప్పుడు అందరికీ పెడతారు? వీటికి జవాబులుంటే నిశ్చింతగా వెళ్లండి. “అవన్నీ తర్వాత చూద్దాం” అంటే, ఉన్న కోర్ల మీదే పనిచేస్తానని చెప్పండి, పీహెచ్‌డీకి అది ఏమాత్రం తక్కువ కాదు.

తేదీల విషయం. అక్కడ నీళ్లు ఏప్రిల్, మే నెలల్లో బాగా వేడెక్కుతాయి, జూన్ వచ్చిందంటే రుతుపవనాలకు పడవలు కదలవు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. బయల్దేరేముందు ఇన్‌కాయిస్ వాళ్ల పగడాల బ్లీచింగ్ అలర్ట్ చూసుకోండి, ఉచితమే. లక్షద్వీప్ ఎంట్రీ పర్మిట్ వేరేగా తీసుకోవాలి, దాన్ని వన్యప్రాణి పర్మిట్‌తో కలిపేసుకుని కొచ్చిలో ఇరుక్కుపోయినవాళ్లు ఉన్నారు. కోర్ పైపు మీద పేరు మార్కర్‌తో రాయొద్దు, అల్యూమినియం రేకు మీద చెక్కించి తీగతో కట్టండి, రెండో రేకు పైపు లోపల వేయండి.